రేకులింట్లో మూడు చలికాలాలు

తెల్లవారి ఎండ రేకుల మీద పడగానే ఆ ఇంట్లో వాన మొదలయ్యేది. బయట ఆకాశంలో మబ్బు తునక ఉండేది కాదు, లోపల మాత్రం టపటపా చినుకులు. రాత్రంతా మొహాపి వదిలిన ఊపిరి పైకి పోయి, రేకులకి అంటుకుని, మంచుగా గడ్డకట్టి, పొద్దున్నే కరిగి మళ్ళీ మొహాపి నెత్తినే పడేది. తన ఊపిరే తన మీద చన్నీళ్ళయి పడుతుంటే ఇంకొకడైతే ఇల్లు కట్టినవాణ్ణి తిట్టిపోసేవాడు. ఆ ఇల్లు కట్టినవాడు తనే గనక మొహాపి నవ్వేవాడు. "నన్ను లేపడానికి నీ అరుపులక్కర్లేదే. ఇల్లే మొహం కడిగేస్తోంది" అనేవాడు పెళ్ళాం మాపులానేతో. అని దగ్గేవాడు. ఆ దగ్గు మొదలైతే ఒక పట్టాన ఆగేది కాదు.

మాపులానే గిన్నెలూ పళ్ళాలూ పట్టుకుని మంచం చుట్టూ తిరిగి ఎక్కడ కారితే అక్కడ పెట్టేది. తడిసిన దుప్పటి తీసి ఎండలో వేసేది. అది ఆరేలోపు పొద్దు వాలేది, పొద్దు వాలితే మళ్ళీ చలి. భూమధ్యరేఖకి దిగువనున్న ఆ మొఖోత్లోంగ్ కొండల్లో నడి చలికాలం జూన్, జూలై నెలల్లోనే, ఆ చలంటే మాటలా! వాగు గడ్డకడుతుంది, కుండలో నీళ్ళు గడ్డకడతాయి, తెల్లవారుజామున ఇనప గొళ్ళెం పట్టుకుంటే వేలి చర్మం దానికే అతుక్కుంటుంది. రాళ్ళు తిని అరిగించుకునే మనుషులే రెండేసి ఉన్ని దుప్పట్లు కప్పుకుని సణుక్కుంటూ తిరుగుతారు. మొహాపి ఒకప్పుడు అలాంటి మనిషే. ఇరవై రెండేళ్ళు సరిహద్దు అవతల బంగారు గనుల్లో రాయి కొట్టాడు. ఆ రాతి దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని గని డాక్టరు ఒక కాగితం రాసిచ్చి ఇంటికి పంపేశాడు. ఇంటికొచ్చాక ఇది మూడో చలికాలం.

కొండ దిగువ ఆసుపత్రిలో నర్సమ్మ మొదటి ఏడే చెప్పింది. "చూడు మాపులానే, మందులు నేనిస్తా. మిగతాది నీ చేతిలో ఉంది. మీ ఆయనకి చలి తగలకూడదు. పొగ తగలకూడదు. ఈ రెండిట్లో ఏది తగిలినా మనిషి దక్కడు."

"పొగ లేకుండా చలెట్లా పోతుంది నర్సమ్మా?"

"అది నువ్వు చూసుకోవాలి తల్లీ."

చూసుకోవాలట! చెప్పి చక్కా కూర్చుంది ఆవిడ. ఆ కొండల మీద కట్టెకి చెట్టంటూ లేదు. పొయ్యిలోకి పెట్టేది పశువుల పేడే. దొడ్లో ఏళ్ళ తరబడి తొక్కుడుపడి గట్టిపడ్డ పేడని పారతో పలకలు పలకలుగా కోసి, ఎండబెట్టి కాలుస్తారు. దాని వేడి బ్రహ్మాండంగా ఉంటుంది, పొగ కూడా అలాగే ఉంటుంది. గడ్డికప్పు గుండ్రటి ఇళ్ళల్లో ఆ పొగ కప్పులోంచి మెల్లగా ఇగిరి పోతుంది. రేకులింట్లో ఎక్కడికి పోతుంది? గుమ్మం దాకా పోయి వెనక్కొచ్చి మనిషి గొంతులోనే దూరుతుంది.

ఆ రేకులిల్లు కావాలని పట్టుపట్టింది ఎవరంటే మాపులానేనే. ఇందులో దాచేదేముంది, ఊరంతటికీ తెలుసు. ఎనిమిదేళ్ళ కిందట మొహాపి గని ఒప్పందం ముగించుకుని, ఏళ్ళుగా కొంటూ వచ్చిన ఎనిమిది పశువులు దొడ్లో ఉన్నాయి గనక, ఇక ఊళ్ళోనే ఉండిపోతానని వచ్చాడు. అప్పటికి వాళ్ళ కాపురం అత్తగారి గుండ్రటి ఇంట్లోనే. మోచేయంత మందం రాతి గోడలు, పైన మూరెడు గడ్డి. పొరుగున దుకాణం పెట్టుకున్న లికెలెలి అప్పుడే నాలుగు మూలల ఇల్లు కట్టి, పైన రేకులు వేసి, కిటికీలకి అద్దాలు బిగించింది. ఎండలో ఆ రేకులు కొండ అవతలి ఊరికి కూడా తళతళలాడుతూ కనిపించేవి. అది చూసినప్పటినుంచీ మాపులానేకి తిండి సహించలేదు. "ఎన్నాళ్ళయ్యా ఈ పొగగూట్లో? నా ఒళ్ళంతా పేడ కంపు. లికెలెలి మొగుడు గనికి పోనేలేదు, అయినా కట్టాడు. ఇన్నేళ్ళు పోయొచ్చి నువ్వేం తెచ్చావు?" అని పోరింది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు. మొహాపి ఎన్ని రకాలుగా చెప్పినా వినలేదు. చివరికి ఆయన ఆరు పశువులని అమ్మి పునాది వేయించి, మళ్ళీ గనికి పోయాడు. మిగతా రెండూ తలుపులకీ అద్దాలకీ పోయాయి. రేకుల కోసం ఇంకో ఐదేళ్ళు ఆ బొరియలో రాయి కొట్టాడు. ఊపిరి పూర్తిగా పాడైంది ఆ ఐదేళ్ళలోనేనని డాక్టరు కాగితంలో రాసే ఉంది. ఆ కాగితం చదివించుకున్న రోజు మాపులానే దొడ్డి వెనక్కి పోయి దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇల్లు పూర్తయిన రోజు పొట్టేలుని కోసి, జొన్న సారా కాచి ఊరందరికీ విందు చేశారు. మొహాపి అక్క సెల్వానె, కాపురం పొసగక ఎప్పుడో పుట్టింటికి వచ్చేసిన మనిషి, నలుగురిలో నవ్వుతూ అంది: "అమ్మ ఇల్లు నేను అలుకుతూనే ఉంటాలే మాపులానే. చలేస్తే వచ్చేయండి."

మాపులానే అప్పటికి రెండు గిన్నెలు సారా తాగి ఉంది. "మాకేం ఖర్మ వదినా ఆ పొగగూట్లోకి రావడానికి? పేడ కంపు నీకలవాటు. నువ్వే ఉండు" అంది. ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. సెల్వానె గిన్నె కింద పెట్టి లేచిపోయింది. ఆ రోజునుంచి ఒకే వాకిట్లో, అటొక ఇల్లు ఇటొక ఇల్లు, మధ్యన నలభై అడుగుల నేల, ఇద్దరి మధ్యా మాట లేదు. మొహాపి పోయి అక్క దగ్గర కూర్చుని వచ్చేవాడు. మాపులానే పోయేది కాదు.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. పొగ లేకుండా చలి పోగొట్టే ఉపాయం మాపులానేకి తెలియదా అంటే, తెలుసు. బాగా తెలుసు. అత్తగారికి కూడా ఛాతీ జబ్బే. ఆ ముసలామెని నాలుగు చలికాలాలు ఆ గుండ్రటి ఇంట్లో పొగ సోకకుండా వెచ్చగా కాపాడారు. బయట రెల్లు తడిక చాటున పేడ మంట వేసి, అందులో నల్ల కొండరాళ్ళని ఎర్రగా కాల్చి, మూడు కాళ్ళ ఇనప కుండలో వేసి లోపలికి తెచ్చి పెట్టేవారు. రాళ్ళు చల్లారేలోపు ఇంకో కుండ. మందం గోడలు ఆ వేడిని పట్టుకుని తెల్లారేదాకా వదిలేవి కావు. కుండ ఒక చెవి సెల్వానె పట్టుకుంటే రెండో చెవి పట్టుకుని మోసింది మాపులానేనే.

మొదటి చలికాలంలోనే అది గుర్తొచ్చింది. వంటకి దాచుకున్న పేడ పలకలతో రెండు రాళ్ళు కాల్చి రేకులింట్లో పెట్టి చూసింది. జొన్న సంకటి ఉడికేలోపు చల్లారిపోయాయి. వేడంతా రేకుల్లోంచి ఆకాశానికి పోయింది. పైగా రోజంతా రాళ్ళు కాల్చడానికి పేడ ఎక్కడిది? పశువులు పోయినా పాత పేడ దొడ్లో మోకాలి లోతున ఉంది గానీ, అక్కడి ఆచారం ప్రకారం కోడలన్నది పశువుల దొడ్లో అడుగుపెట్టకూడదు. ఆ ఇంట పుట్టిన ఆడపడుచు, వయసు మళ్ళిన మనిషి గనక సెల్వానె పెట్టొచ్చు. పేడ ఆవిడ చేతిలో ఉంది, గుండ్రటి ఇల్లు ఆవిడ చేతిలో ఉంది. నలభై అడుగులు నడిచి "వదినా, మీ తమ్ముణ్ణి నీ ఇంట్లో పెట్టుకో" అంటే సరిపోతుంది.

ఆ ఒక్క మాటకి నోరు రాలేదు. ఎన్నోసార్లు గడప దాకా పోయింది. "పేడ కంపు నీకలవాటు" అన్న నోటితో ఏమని అడగడం? అది ఒక కారణం. దాన్ని మించినది ఇంకొకటి ఉంది. మొహాపి ఊపిరి ధారపోసి కట్టిన ఇల్లది. అందులోంచి లేచి రమ్మంటే, నీ ఊపిరి బూడిదలో పోసిన పన్నీరైపోయిందయ్యా అని మొహాన చెప్పినట్టే కదా. జబ్బుపడ్డ మనిషితో ఆ మాట ఎలా అంటుంది? అనలేక, ఇంకేదో ఒక దారి దొరకకపోతుందా అని వెతకడం మొదలుపెట్టింది.

మొదటి ఏడు కూతురు పులానే కింద ఊళ్ళోంచి కిరసనాయిలు హీటరు తెచ్చిచ్చింది. నీలం మంట, చూడ్డానికి ముచ్చటగా ఉండేది. రెండు గంటలు వెలిగితే తలనొప్పి, కళ్ళమంట, మొహాపి ఉమ్మిన ఉమ్మిలో మసి. రెండో ఏడు రేకుల కింద అట్టముక్కలు, పిండి బస్తాలు దట్టంగా కొట్టింది. వాన కాస్త తగ్గింది గానీ చలి తగ్గలేదు. అట్టల వెనక ఎలుకలు చేరాయి. లికెలెలి ఇంట్లోలాగా గొట్టమున్న బొగ్గు పొయ్యి పెట్టిద్దామని ఆవిడ దుకాణానికి పోయి ధర అడిగి, వట్టి చేతుల్తో తిరిగొచ్చింది.

"ఎందుకే ఈ తిప్పలు?" అనేవాడు మొహాపి. "గనిలో ఉడికి ఉడికి వచ్చినవాణ్ణి. కాస్త చల్లగా ఉంటే ఏం పోయింది?"

"నీ పెదాలు నేరేడుపళ్ళలా ఉన్నాయి. నోరు మూసుకుని కప్పుకో."

"నేరేడుపళ్ళు బాగానే ఉంటాయిగా."

ఎప్పుడూ అదే వరస. చలిగా ఉందని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ మనిషి నోటినుంచి రాలేదు. రాకపోయేసరికి మాపులానేకి ఇంకా భయం వేసింది. ఇల్లంటే ఈయనకి ఎంత ప్రాణమో అనుకుంది.

మూడో ఏడు లికెలెలి ఒక సలహా చెప్పింది. "బొగ్గుల కుంపటి పెట్టు పిల్లా. డబ్బాకి కన్నాలు పొడిచి, బొగ్గులు పోసి బయట అంటించు. పొగంతా పోయి, మంట పోయి, నిప్పు కణకణలాడే దాకా ఆగు. అప్పుడు లోపలికి తెచ్చుకో. పొగా ఉండదు, గిగా ఉండదు. కిటికీ మాత్రం వేలెడు తెరిచి పెట్టు, మర్చిపోకు."

నిజంగానే బాగుంది. ఎర్రటి నిప్పు, చుక్క పొగ లేదు. మొహాపి చేతులు చాచి, "ఆహా! ఇన్నాళ్ళకి మనింట్లో కూడా ఎండ కాసింది" అన్నాడు. బుగ్గలకి రంగొచ్చింది. మాపులానే సంబరం చెప్పనలవి కాదు. నలభై అడుగులు నడిచే పని తప్పిందని గుండెల మీద చెయ్యేసుకుంది. నాలుగు రోజులు అలా గడిచాయి.

ఐదో రోజు మధ్యాహ్నం మంచు తుఫాను దిగింది. కొండ మీదినుంచి గాలి ఈడ్చి కొట్టింది. వేలెడు తెరిచిన కిటికీలోంచి మంచు పొడి ఎగిరొచ్చి మొహాపి మెడ మీద, దిండు మీద పడుతోంది. దగ్గు మొదలైంది. ఏం చేస్తుంది మాపులానే? పాత గుడ్డ ఒకటి ఉండచుట్టి ఆ సందులో కుక్కింది. వెచ్చబడింది. దగ్గు ఆగింది. మొహాపి హాయిగా నిద్రపోయాడు. తను కూడా మంచం పక్కన గోడకానుకుని, ఎంత సుఖంగా ఉంది అనుకుంటూ కళ్ళు మూసింది.

తలలో రోకలితో దంచినట్టయి కళ్ళు తెరిచింది. ఒళ్ళు స్వాధీనంలో లేదు. "ఏమయ్యా" అంది. పలకలేదు. పట్టి కుదిపింది. తల ఇటు వాలింది. లేవబోతే కాళ్ళు మడత పడ్డాయి. పాక్కుంటూ పోయి తలుపు తీసింది, మళ్ళీ పాక్కుంటూ వచ్చి దుప్పటి కొస పట్టుకుని మొహాపిని నేల మీద ఈడ్చుకుంటూ మంచులోకి లాగింది. అంత మనిషిని ఎలా లాగిందో ఆ దేవుడికే తెలియాలి. లాగి, మూడేళ్ళుగా పిలవని పిలుపు పిలిచింది.

"వదినా! వదినా! సెల్వానె వదినా!"

రెండోసారి పిలిచేసరికే సెల్వానె చెప్పులైనా లేకుండా మంచులో పరుగెత్తుకొచ్చింది. తమ్ముడి చొక్కా గుండీలు తెంపేసింది, చెంపల మీద మంచు రుద్దింది, పేరు పెట్టి గట్టిగా అరిచింది. కాసేపటికి మొహాపి మూలిగాడు. వాంతి చేసుకున్నాడు. అప్పుడు సెల్వానె తలెత్తి మరదలి వంక చూసింది.

"ఏం పెట్టావు లోపల?"

"బొగ్గుల కుంపటి."

"కిటికీ?"

"మూశాను. మంచు పడుతోందని..."

"బుద్ధుందా నీకు? చంపేసేదానివి కదే వాణ్ణి!"

"చంపేసేదాన్నే వదినా" అంది మాపులానే. మంచులో కూలబడి ఏడ్చేసింది. "నువ్వు నన్నేం తిట్టినా సరే. ఆయన్ని నీ ఇంట్లో పెట్టుకో. నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళు తర్వాత పట్టుకుందువుగానీ ముందు వాడి కాళ్ళు పట్టు. లే!"

ఇద్దరూ కలిసి మోసుకుపోయారు. గుండ్రటి ఇంట్లోకి వంగి అడుగుపెట్టేసరికి మాపులానే నిలబడిపోయింది. గోడలు కొత్తగా అలికి ఉన్నాయి. గోడవారగా పరుపు వేసి, దాని మీద ఉతికిన దుప్పటి మడతపెట్టి ఉంది. పక్కన నల్లరాళ్ళు పేర్చి ఉన్నాయి. సెల్వానె పడుకునేది ఆ పక్కనున్న వంటింట్లో అని అందరికీ తెలుసు.

"ఇదంతా ఎవరికి వదినా?"

"ఎవరికా? మీ లికెలెలికి! వాడు గనినుంచి దగ్గుకుంటూ దిగిన రోజు నుంచీ ఏటేటా చలికాలం ముందు అలుకుతున్నా. ఇవాళొస్తారు, రేపొస్తారు అని. ఒక్క పిలుపుకి నోరు పడిపోయిందా నీకు?"

"నువ్వు పిలవొచ్చుగా వదినా."

"పిలిచాగా ఒకసారి, నలుగురిలో. నువ్వేమన్నావో నాకింకా గుర్తే."

మాపులానే బయటికి పోయి తడిక చాటున మంట వేసింది. దొరికిన రాయల్లా అందులోకి విసరబోతే సెల్వానె చెయ్యి పట్టుకుని ఆపింది. "ఏటి రాయి పెట్టకు, పేలి కళ్ళు పోతాయి. కొండరాయి పెట్టు. అన్నీ మర్చిపోయినట్టున్నావు." ఇద్దరూ చెరో చెవీ పట్టుకుని కుండ లోపలికి మోశారు. పొద్దు గూకేసరికి ఆ ఇల్లు బాలింత ఒడిలా వెచ్చబడింది. మొహాపి ఆ రాత్రి దగ్గకుండా నిద్రపోయాడు. మూడు చలికాలాల్లో అదే మొదటిసారి.

ఆ తర్వాత ఇరవై రోజులు మంచి రోజులు. రోజుకి ఎనిమిది కుండల రాళ్ళు. సెల్వానె దొడ్లోకి పోయి పార పెట్టి పలకలు కోసి గోడ మీదనుంచి అందిస్తే, మాపులానే బయట నిలబడి అందుకునేది. అవి తమ సొంత పశువుల పేడేనని, అమ్ముకున్న ఆ ఎనిమిదింటివేనని అందుకున్నప్పుడల్లా గుర్తొచ్చేది. మొహాపి పెదాలకి రంగు తిరిగింది. పులిసిన జొన్న జావ అడిగి మరీ తాగాడు. "వీళ్ళిద్దరి పోట్లాట వినడానికే బతకబుద్ధవుతోంది" అనేవాడు వచ్చినవాళ్ళతో. మాపులానే లోలోపల ఆశపడింది. ఈ చలికాలం గట్టెక్కితే చాలు, వచ్చే ఏడు మొదటినుంచే ఇక్కడ ఉండొచ్చు, ఎన్నేళ్ళయినా ఉండొచ్చు అనుకుంది.

ఒక రోజు గాలి లేదు. గుమ్మం దగ్గర ఎండ పొడ పడింది. మొహాపిని గోడకి ఆనించి కూర్చోబెట్టి, కాళ్ళ మీద దుప్పటి కప్పి, మాపులానే పక్కన చతికిలబడింది. ఎదురుగా వాళ్ళ రేకులిల్లు తళతళలాడుతోంది. మూడేళ్ళుగా కడుపులో కుక్కుకున్న మాట అప్పుడు బయటపడింది.

"ఆ ఇల్లు కట్టించమని నీ ప్రాణం తీశానయ్యా."

"బాగానే ఉందిగా ఇల్లు."

"ఏం బాగు! మంచుగడ్డ. మొదటి చలికాలమే ఇక్కడికి వచ్చేద్దామనుకున్నా తెలుసా. వదినని అడుగుదామని గడప దాకా పోయేదాన్ని. నువ్వు ఊపిరి పోగొట్టుకుని కట్టిన ఇల్లు, అది దండగైందంటే నీ మనసు విరిగిపోతుందని నోరు మూసుకున్నా."

మొహాపి ఆమె వైపు తిరిగాడు.

"నాకు మొదటి రాత్రే తెలుసే అది దండగని. రేకులు బిగించి పడుకున్న రోజే తెలుసు. అమ్మ ఇంట్లో పడుకుందామని ఎన్నిసార్లనిపించిందో."

"మరి చెప్పవేం!"

"ఎట్లా చెప్పను? అక్కని నలుగురిలో అంత మాటన్నావు. ఇప్పుడు నేను చలి చలి అని ఈ ఇంటికి పాక్కుంటూ వస్తే ఊళ్ళో ఆడవాళ్ళు నిన్ను చూసి నవ్వరూ? లికెలెలి ఊరుకుంటుందా? ఆ ఇంటి గడపలో నిలబడితే నీ మెడ అంత పొడుగు సాగేది. దాన్ని నా చేత్తో వంచడం ఇష్టంలేకపోయింది. నువ్వే పోదామంటే పోదాంలే అని ఊరుకున్నా."

"నేనంటానని నువ్వూ, నువ్వంటావని నేనూ..."

"ఊఁ."

మాపులానేకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ముందు నవ్వే వచ్చింది. మొహాపి కూడా నవ్వాడు, నవ్వు దగ్గయింది, దగ్గు ఆగాక మళ్ళీ నవ్వాడు. రాళ్ళ కుండ ఒంటిచేత్తో ఈడ్చుకొస్తున్న సెల్వానె, "మొగుడూ పెళ్ళాలు కబుర్లాడుకుంటారు, నేను గాడిదలా మోస్తాను. ఒక చెయ్యి వేసి ఏడు!" అని అరిచింది. మాపులానే నిజంగానే ఏడుస్తూ పోయి రెండో చెవి పట్టుకుంది.

ఆగస్టు సగంలో ఇళ్ళ ముందరి పీచ్ పండ్ల చెట్లు పూలు పూశాయి. చలి విరుగుతోందనుకున్న వారమే మొహాపి పోయాడు. పొద్దున్నే జావ తాగుతూ తాగుతూ గిన్నె పక్కన పెట్టి, కాస్త పడుకుంటానన్నాడు. అంతే. నొప్పి పడలేదు. ఒళ్ళు వెచ్చగానే ఉంది చాలాసేపు. ఆ వెచ్చదనం ఆయనదో రాళ్ళదో తెలియక మాపులానే ఆ చెయ్యి వదలకుండా కూర్చుంది.

కబురందుకుని నర్సమ్మ గుర్రం మీద వచ్చింది. కాగితం రాసుకుంటుంటే మాపులానే అడిగింది. "నర్సమ్మా, నిజం చెప్పు. మొదటి ఏడే ఈ ఇంట్లో పెట్టుంటే ఇంకా ఉండేవాడా?"

నర్సమ్మ రాయడం ఆపింది. "ఆ దుమ్ము ఎప్పటికైనా తీసుకుపోయేదే మాపులానే."

"అది నాకూ తెలుసు. నేనడిగింది అది కాదు."

నర్సమ్మ కాగితం మడిచింది. "ఉండేవాడు" అంది. "ఇంకో నాలుగైదేళ్ళు ఉండేవాడేమో."

కింద ఊళ్ళనుంచి కూతురూ బంధువులూ రావాలి. కనుమ దారి మీద మంచు ఇంకా తీయలేదు, బండి రావడానికి రెండు రోజులు పడుతుంది. మొహాపి చిన్నాన్న, పెద్దమనిషి, నలుగురు మగవాళ్ళని వెంటబెట్టుకుని వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఇటు గుండ్రటి ఇంటివంకా అటు రేకులింటివంకా చూశాడు.

"ఇక్కడ వెచ్చగా ఉంది, ఇక్కడ శవం నిలవదు" అన్నాడు. "అవతలి ఇంట్లో పెడదాం. రెండు రోజులైనా చెడదు. అంత చల్లటి ఇల్లు ఈ ఊళ్ళో ఇంకోటి లేదు."

మగవాళ్ళు దుప్పటి నాలుగు కొసలూ పట్టుకున్నారు. మాపులానే లేచి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"వద్దు మావయ్యా" అంది. "ఆయన్ని అక్కడ పెట్టొద్దు. అక్కడ చలి."

ముసలాయన కోప్పడలేదు. దగ్గరికొచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "వాడికింక చలేంటి తల్లీ" అన్నాడు మెల్లగా.

సెల్వానె వచ్చి మరదల్ని రెండు చేతులా పొదివి పట్టుకుని పక్కకి జరిపింది. మోసేవాళ్ళు వంగి గుమ్మం దాటారు.

"ఆ ఇంట్లో చలని ఇన్నాళ్ళకి నలుగురిలో అనగలిగాను వదినా" అంది మాపులానే. సెల్వానె తన దుప్పటి తీసి ఆమెకి కప్పింది. ఇద్దరూ వాళ్ళ వెనకాలే రేకులింటి వైపు నడిచారు.